లాస్ అసెట్ నుంచి స్టాండర్డ్ అసెట్ దాకా
(పాత కారును ఇంట్లోనే బాగు చేసుకోవడంలో నేర్చుకున్న పాఠాలు)

మన బ్యాంకు కుటుంబాల్లో పిల్లలకు కూడా తెలిసిన మాటలు కొన్ని ఉంటాయి. వాయిదా 90 రోజులు దాటి కట్టకపోతే ఖాతా ఎన్.పి.ఏ. అవుతుంది. ఏడాది వరకు అది సబ్‌స్టాండర్డ్. ఆ తర్వాత డౌట్‌ఫుల్. ఇక రాదని తేలితే లాస్ అసెట్. మా మావయ్యగారి ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉన్న కారు నేను చూసేనాటికి ఈ మెట్లన్నీ దిగిపోయింది. 2003లో క్లచ్ పోయిందని లోపల పెట్టారట. 2022 జూన్‌లో నేను భోపాల్ నుంచి విజయవాడకు బదిలీ మీద వచ్చేసరికి దానిమీద 19 ఏళ్ల దుమ్ము, రెండు విరిగిన నవారు మంచాలు, ఒక పిల్లి కాపురం ఉన్నాయి.

పాత ఇనుము వాడు 22,000 ఇస్తానన్నాడు. మావయ్యగారు "ఇచ్చేద్దాం లెండి అల్లుడుగారూ" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన కారు వైపు చూడలేదు. మా ఆవిడ మాత్రం ఆ రాత్రి నాతో ఒకే మాట అంది: "నన్ను కాలేజీలో చేర్చడానికి తీసుకెళ్లింది ఆ కార్లోనే." అంతే, నేను బాగు చేస్తానని మాట ఇచ్చేశాను. అప్పటికి నాకు కారు గురించి తెలిసింది పెట్రోలు ఎక్కడ పోయాలో మాత్రమే.

రెండున్నరేళ్లు పట్టింది. రెండో, నాలుగో శనివారాలు, ఆదివారాలు అన్నీ ఆ షెడ్డుకే. ఈ పనిలో నేను తెలుసుకున్నవి, ముఖ్యంగా తప్పు చేసి తెలుసుకున్నవి, మీతో పంచుకుంటాను. మీ ఇంట్లో పాత కారు లేకపోవచ్చు. మీ నాన్నగారి స్కూటరో, యెజ్డీ మోటారు సైకిలో ఉండవచ్చు. పద్ధతి మాత్రం ఒకటే.

ఇంతకీ ఏమిటా కారు?

స్టాండర్డ్ హెరాల్డ్. 1966 మోడల్, రెండు తలుపులది. 1960లలో మన దేశంలో కారు అంటే మూడే పేర్లు: అంబాసిడర్, ఫియట్, హెరాల్డ్. ఇంగ్లండులో ట్రయంఫ్ హెరాల్డ్ పేరుతో 1959లో వచ్చింది. రూపం ఇచ్చింది ఇటలీకి చెందిన జొవాన్ని మికెలొట్టి. 1961 నుంచి మద్రాసు శివార్లలో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ కంపెనీ మన దగ్గర తయారు చేసింది.

"మనది స్పోర్ట్స్ కారుకు అన్నయ్య" అని మావయ్యగారు అనేవారు. వేళాకోళం అనుకున్నాను. నిజమే. ఇదే చాసిస్‌ను పొట్టిగా చేసి, ఇదే వంశపు ఇంజన్ పెట్టి, 1962లో ట్రయంఫ్ కంపెనీ స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు తెచ్చింది. ఆ బంధుత్వం తర్వాత మాకు ఎంతో పనికి వచ్చింది. స్పిట్‌ఫైర్ అభిమానులు ఇంకా ఉన్నారు కాబట్టి, దానికి సరిపడే చాలా సామాన్లు బ్రిటన్‌లో నేటికీ తయారవుతున్నాయి.

ఇంట్లో పని నేర్చుకోవడానికి ఈ కారంత అనువైనది అరుదు. కారణం, దీని బాడీ ఒకే ముద్దగా ఉండదు. కింద విడిగా ఇనుప చాసిస్, పైన బోల్టులతో బిగించిన ముక్కలు. ఆ రోజుల్లో బాడీలు చేసిచ్చే కంపెనీ పోటీదారు చేతిలోకి వెళ్లిపోవడంతో, వేరువేరు చోట్ల చేయించిన ముక్కలను కలిపి బిగించేలా దీన్ని రూపొందించారు. కంపెనీకి వచ్చిన ఆ ఇబ్బంది అరవై ఏళ్ల తర్వాత మా షెడ్డులో వరమైంది. బోనెట్ కూడా అంతే. ముందు భాగం మొత్తం, మడ్‌గార్డులతో సహా, ముందుకు తెరుచుకుంటుంది. చక్రం మీద కూర్చుని ఇంజన్ పని చేసుకోవచ్చు.

మొదటి పాఠం: ముందు తనిఖీ, తర్వాతే స్పానర్

అప్పు ఇచ్చే ముందు మనం ఖాతాదారుడి ఇంటికి, షాపుకు వెళ్లి చూసి వస్తాం కదా. ఇక్కడా అదే. ఏదీ విప్పకముందే ఒక ఆదివారం మొత్తం చూడడానికే కేటాయించాలి.

నేను ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రిని బతిమాలి తీసుకొచ్చాను. డెబ్బై దాటిన మనిషి. కుర్రతనంలో హెరాల్డులు చూసినవాడు. ఆయన రంగు చూడలేదు, సీట్లు చూడలేదు. చిన్న సుత్తి, స్క్రూడ్రైవరు పట్టుకుని కారు కిందికి దూరాడు. చాసిస్ వెంబడి తడుతూ పోయాడు. మంచి ఇనుము ఖంగుమంటుంది. తుప్పు తిన్నది డబ్‌మంటుంది. అనుమానం ఉన్నచోట స్క్రూడ్రైవరుతో పొడిచాడు. రెండు చోట్ల అది లోపలికి దిగింది. బాడీని మోసే పక్క చేతులు అవి. నడి పట్టాలు మాత్రం గట్టిగా ఉన్నాయి.

"వెన్నెముక బాగుంది మేనేజర్‌గారూ. పక్కటెముకలు కట్టుకోవచ్చు" అన్నాడు. ఆ మాటే మాకు శాంక్షన్ ఆర్డరు. మీకూ ఇదే చెబుతాను. చాసిస్ పోయిన కారును తలకెత్తుకోకండి. ఇంజన్ మార్చవచ్చు, సీట్లు కుట్టించవచ్చు, వెన్నెముక మార్చడం ఇంట్లో పని కాదు.

జాకీ గురించి కూడా ఆయనే మొదటి రోజు హెచ్చరించాడు. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. ఎత్తాక ఇనుప స్టాండ్లు పెట్టి, కారును చేత్తో ఊపి చూసి, అప్పుడే కిందికి వెళ్లాలి. ఇటుకలు పెట్టి దూరేవాళ్లను చూశాను. ఇటుక పగిలే ముందు చెప్పదు.

రెండో పాఠం: విప్పడం సులువు, బిగించడమే కష్టం

నేను చదివింది మేనేజ్‌మెంట్. అందుకని మొదటి వారంలోనే గోడమీద పెద్ద చార్టు అంటించాను. ఏ వారం ఏ పని, దేని తర్వాత ఏది, అన్నీ రంగురంగుల గీతలు. ఎనిమిది నెలల్లో కారు రోడ్డెక్కాలి. మూడో వారానికి ఆ చార్టు పిల్లి పడుకునే చాప అయింది. తుప్పు పట్టిన ఒక్క నట్టు రెండు ఆదివారాలు మింగుతుందని ఏ చార్టూ చెప్పదు.

నిలిచింది చార్టు కాదు, మా అమ్మాయి నోటు పుస్తకం. అప్పుడు తను తొమ్మిదో తరగతి. విప్పిన ప్రతి వస్తువుకూ ఒక నంబరు, తేదీ, ఎక్కడిది, ఎన్ని బోల్టులు అని రాసేది. విప్పే ముందు ఫోనుతో రెండు వైపుల నుంచి ఫొటో. బోల్టులన్నీ పాత స్వీటు డబ్బాల్లో, పైన చీటీ. ఎక్కడిదో తెలియని వాటికి ఒక డబ్బా పెట్టి దానిమీద "సస్పెన్స్ అకౌంట్" అని రాసింది. నేను నవ్వాను. ఏడాదిన్నర తర్వాత బిగించేటప్పుడు ఆ డబ్బాలోని ప్రతి నట్టూ నా నిద్ర చెడగొట్టింది. సస్పెన్స్‌లో పడ్డది ఎక్కడైనా అంతే కదా!

మూడో పాఠం: నిద్రపోయిన ఇంజన్‌ను తట్టి లేపకూడదు

ఏళ్ల తరబడి ఆగిన ఇంజన్‌కు బ్యాటరీ తగిలించి తాళం తిప్పడం చాలామంది చేసే తప్పు. లోపల పిస్టన్ రింగులు సిలిండరు గోడలకు అంటుకుని ఉంటాయి. ఆయిల్ అంతా కిందికి జారిపోయి బేరింగులు పొడిగా ఉంటాయి. బలవంతంగా తిప్పితే రింగులు విరుగుతాయి, గోడలు గీసుకుపోతాయి.

మేము చేసింది ఇది. పాత ఆయిల్ పూర్తిగా దించాం. నాలుగు ప్లగ్గులూ తీసి, ఆ రంధ్రాల్లోంచి ఒక్కో సిలిండర్‌లో కొంచెం పలచటి ఆయిల్ పోసి వారం వదిలేశాం. తర్వాత ముందు పుల్లీ నట్టుకు స్పానర్ వేసి చేత్తో మెల్లగా తిప్పాం. కదిలింది! కొత్త ఆయిల్, ఫిల్టరు వేసి, ప్లగ్గులు లేకుండానే స్టార్టర్‌తో తిప్పి, ఆయిల్ ప్రెషర్ వచ్చిందని చూసుకున్నాం. అప్పుడు ఒక్కో సిలిండర్ కంప్రెషన్ కొలిచాం. నాలుగింట్లో అంకె ఎంత ఉందన్నదానికంటే, నాలుగూ దగ్గర దగ్గరగా ఉన్నాయా అన్నది ముఖ్యం. మాకు మూడోది బాగా తక్కువ వచ్చింది. హెడ్ విప్పితే ఎగ్జాస్ట్ వాల్వు సరిగా మూసుకోవడం లేదు.

ఇక్కడ ఒక విషయం తెలుసుకోవాలి. పాతకాలపు పెట్రోలులో సీసం కలిపేవారు. అది వాల్వు కూర్చునే చోటును అరగకుండా కాపాడేది. ఆరోగ్యానికి హాని కాబట్టి మన దేశంలో 2000 సంవత్సరంలో దాన్ని పూర్తిగా ఆపేశారు. హెరాల్డు హెడ్‌లో వాల్వు నేరుగా పోత ఇనుము మీదే కూర్చుంటుంది. సీసం లేని పెట్రోలుతో ఎక్కువ దూరం, వేగంగా తిప్పితే ఆ చోటు క్రమంగా అరుగుతుంది. అందుకే హెడ్ విప్పినప్పుడే లేత్ షాపులో గట్టి ఉక్కు రింగులు వేయించుకోవడం మంచిది. మేము వేయించాం.

క్లచ్ ప్లేటు ఫ్లైవీలుకు తుప్పుతో అతుక్కుపోయింది. దాన్ని చేరాలంటే గేర్‌బాక్సు తీయాలి. హెరాల్డులో గేర్‌బాక్సు కారు కింది నుంచి కాదు, సీట్లు, మధ్య ఉన్న మూత తీసేసి కారు లోపలి నుంచే బయటికి వస్తుంది. నేను, మా అమ్మాయి, మావయ్యగారు ముగ్గురం తలుపులోంచి దాన్ని ఎత్తి బయట పెట్టాం. మా అత్తయ్యగారు గుమ్మంలో నిలబడి "పురుడు పోసినట్టుంది" అన్నారు.

2023 మార్చిలో ఒక ఆదివారం సాయంత్రం ఇంజన్ అందుకుంది. 948 సి.సి. చిన్న ఇంజన్. బలం నలభై గుర్రాల లోపే. కానీ ఆ శబ్దానికి మావయ్యగారు పూజగదిలోంచి లుంగీ సర్దుకుంటూ పరుగెత్తుకొచ్చారు. ఆయన ప్రెస్సు నడిపిన రోజుల్లో కేలండర్ల కట్టలు వెనక సీట్లో వేసుకుని తెనాలి, గుడివాడ తిరిగింది ఈ శబ్దంతోనే. బోనెట్ మీద చెయ్యి వేసి చాలాసేపు ఊరకే నిలబడ్డారు.

నా తప్పు ఇక్కడే మొదలైంది.

నాలుగో పాఠం: కదలడం కంటే ముందు ఆగడం

ఆ వారం "బ్రేకు రబ్బర్లు మార్పించారా?" అని మావయ్యగారు రెండుసార్లు అడిగారు. పాత బ్రేక్ ఆయిల్ తీసేసి కొత్తది పోశాననీ, పెడల్ గట్టిగానే ఉందనీ చెప్పాను. హ్యాండ్‌బ్రేక్ అయినా సరిచేయమని పట్టుబడితే, ఆయన కోసం కేబుల్ బిగించాను.

ఏప్రిల్‌లో ఒక శనివారం పొద్దున్నే మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని గేటు దాటించాను. మా మావయ్యగారి ఇల్లు మొగల్రాజపురం కొండ దిగువన. వీధి కొంచెం వాలుగా ఉంటుంది. మొదటి రెండుసార్లు బ్రేకు బాగానే పట్టింది. మూడోసారి, మలుపు దగ్గర, పెడల్ నేలదాకా దిగిపోయింది. కాలి కింద ఏమీ లేదు. మళ్లీ నొక్కాను. ఏమీ లేదు.

స్పీడు పదిహేను కిలోమీటర్లు కూడా ఉండదు. కానీ ముందు మెయిన్ రోడ్డు, దానిమీద బస్సు. హ్యాండ్‌బ్రేక్ లాగాను. వెనక చక్రాలు కీచుమన్నాయి. కారు కొంత నెమ్మదించి, పక్కన కడుతున్న ఇంటి ముందున్న ఇసుక గుట్టలోకి దూరి ఆగింది. 1966 నాటి కారులో సీటు బెల్టులు లేవు. మా అమ్మాయి నుదురు డ్యాష్‌బోర్డుకు తగిలి ఉసిరికాయంత బొప్పి కట్టింది. దానికి ఏడుపు రాలేదు. నాకే చేతులు వణికాయి.

తర్వాత నేను అన్న మాట ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. "అమ్మకి చెప్పకు తల్లీ" అన్నాను.

అది సరేనంది. కానీ ఇంటికొచ్చి నోటు పుస్తకంలో తేదీ వేసి రాసింది: "బ్రేక్ పూర్తిగా ఫెయిల్. స్పీడ్ 15. హ్యాండ్‌బ్రేక్ పనిచేసింది. నాన్న అమ్మకి చెప్పొద్దన్నారు." పుస్తకంలో జరిగిందంతా రాయాలని నేర్పింది నేనే మరి. రాత్రి మా ఆవిడ ఆ పేజీ తెరిచి నా ముందు పెట్టింది. అరవలేదు. "మీ బ్రాంచిలో ఎవరైనా క్యాష్ తేడా వచ్చి చెప్పకుండా దాస్తే ఏం చేస్తారండీ?" అని అడిగింది. నా దగ్గర సమాధానం ఉంది. అది పైకి చెప్పే ధైర్యం లేదు.

మర్నాడు మావయ్యగారికి నేనే చెప్పాను. ఆయన తాళం తీసుకుని తన బీరువాలో పెట్టారు. రెండు నెలలు షెడ్డు తెరవలేదు.

ఆ రెండు నెలల్లో నేను ఖర్చుల పేజీలు తిరగేశాను. అప్పటికి పెట్టింది 96,000. అందులో చక్రాల మూతలకు మెరుగు పెట్టించినది 4,500. బ్రేకుల మీద పెట్టింది 1,200. ఏది ముఖ్యమని నేను అనుకున్నానో నా లెక్కలే చెబుతున్నాయి. కనిపించేవాటికి, వినిపించేవాటికి డబ్బు పెట్టాను. ఇంజన్ మోగితే నలుగురూ చప్పట్లు కొడతారు. బ్రేకు పట్టిందని ఎవరూ చప్పట్లు కొట్టరు.

అయిదో పాఠం: బ్రేకులు, ఈసారి మొదటి నుంచి

జూన్ చివర మావయ్యగారు తాళం తిరిగి ఇస్తూ ఒక షరతు పెట్టారు. బ్రేకు, స్టీరింగు, చక్రాల పని నేను చేసినా సరే, ఇంకొకరు చూసి సంతకం పెట్టాలి. మన మేకర్-చెకర్ పద్ధతే. మేకర్ నేను, చెకర్ మా అమ్మాయి, పైన ఆడిటరు ఆటోనగర్ మేస్త్రి.

అసలేం జరిగిందో విప్పి చూశాం. ఆ కాలపు కార్లలో బ్రేకులకు ఒకటే మాస్టర్ సిలిండర్, ఒకటే దారి. నాలుగు చక్రాలకూ ఒకే గొట్టం నుంచి ఆయిల్ చీలుతుంది. ఎక్కడ కారినా నాలుగూ పోతాయి. ఇప్పటి కార్లలో రెండు వేరు దారులుంటాయి కాబట్టి ఒకటి పోయినా రెండోది ఎంతో కొంత ఆపుతుంది. మా కారులో ముందు ఎడమ చక్రం సిలిండరు లోపలి గోడ తుప్పుతో గరుకైపోయింది. ఏళ్లుగా ఎండిన రబ్బరు సీలు నాలుగైదు నొక్కులకు చీలిపోయింది. షెడ్డులో గట్టిగా ఉన్న పెడల్ నాకు చెప్పింది ఆ క్షణం సంగతే, రేపటి సంగతి కాదు.

ఎన్నో ఏళ్లు ఆగిన బండి ఏదైనా బ్రేకుల విషయంలో చేయవలసినవి ఇవి:

1. రబ్బరుతో చేసినది ఏదైనా, చూడడానికి బాగున్నా, మార్చాలి. సీళ్లు, గొట్టాలు అన్నీ. మాస్టర్ సిలిండర్, చక్రాల సిలిండర్ల లోపలి గోడలు గరుకుగా ఉంటే మొత్తం సిలిండరే మార్చాలి.

2. తుప్పు పట్టిన ఇనుప పైపులు తీసేసి కొత్తవి వేయాలి.

3. పాత బ్రేక్ లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం. గాలితో ఊదకండి, పొడిగా చీపురుతో దులపకండి. మాస్కు పెట్టుకుని తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయండి.

4. బ్రేకు రబ్బర్లకు ఇంజన్ ఆయిల్, గ్రీజు, పెట్రోలు తగలకూడదు. ఉబ్బి పాడవుతాయి. కడగాలంటే బ్రేక్ ఆయిలే వాడాలి.

5. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు చేరిన ఆయిల్ వేడికి మరిగి ఆవిరైతే పెడల్ మెత్తబడుతుంది, లోపల తుప్పు పుడుతుంది. బండి నడిచినా నడవకపోయినా రెండేళ్లకోసారి మార్చాలి. తెరిచి చాలాకాలమైన డబ్బాలోది వాడకూడదు. ఈ మాట మీ కొత్త కారుకూ వర్తిస్తుంది.

6. గాలి తీసేటప్పుడు మాస్టర్ సిలిండర్‌కు ఎక్కువ దూరంలో ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి. మాకు వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి, ఆ వరుస.

7. చివరగా, ఇంజన్ ఆపి, పెడల్‌ను బలంగా నొక్కి ఒక నిమిషం అలాగే ఉంచాలి. కొంచెం దిగినా ఎక్కడో కారుతున్నట్టే. ప్రతి చక్రం వెనక కాగితం పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున కాగితం పొడిగా ఉండాలి.

మా అమ్మాయి నాలుగు కాగితాలూ మడిచి పుస్తకంలో అంటించింది. మొదటి మూడు రాత్రులు ఒకటి తడిగానే ఉంది. నాలుగో రాత్రి నాలుగూ పొడిగా వచ్చాయి. అప్పుడే సంతకం పెట్టింది.

స్టీరింగు దగ్గర మేస్త్రి ఇంకొకటి చూపించాడు. హెరాల్డు, స్పిట్‌ఫైర్ కార్లలో ముందు చక్రాలను పట్టుకునే చోట కింద ఒక ఇత్తడి ముక్క ఉంటుంది. ట్రనియన్ అంటారు. చక్రం తిరిగినప్పుడల్లా ఉక్కు మర దానిలో తిరుగుతుంది. దానికి గ్రీజు పనికిరాదు, చిక్కటి గేర్ ఆయిలే వేయాలి. గ్రీజు లోపలిదాకా వెళ్లదు, నీరు వెళుతుంది. తుప్పు పట్టి మర విరిగితే చక్రం పక్కకు మడతపడుతుంది. మా కారుకు అక్కడ ఉన్నది గట్టిపడిన గ్రీజు. అన్ని బళ్లకూ ఒకే మందు అనుకోకూడదని, తయారీదారు పుస్తకం సంపాదించి చదవాలని అప్పుడు అర్థమైంది.

టైర్ల సంగతి కూడా అంతే. గాళ్లు లోతుగానే ఉన్నాయి, కానీ రబ్బరు రాయిలా గట్టిపడి పక్కల పగుళ్లు వచ్చాయి. టైరుకు అరుగుదలే కాదు, వయసూ ఉంటుంది. 13 అంగుళాల కొత్త రేడియల్ టైర్లు వేశాం.

ఆరో పాఠం: నిప్పుకు రెండు దారులు, వైరు, పెట్రోలు

ఆ కాలపు చాలా బ్రిటిష్ కార్లలో బ్యాటరీ పాజిటివ్ కొనను బాడీకి కలిపేవారు. ఇప్పటి కార్లలో నెగటివ్. చూసుకోకుండా తగిలిస్తే డైనమో, రేడియో లాంటివి దెబ్బతింటాయి. వైర్ల రంగులకూ ఒక పద్ధతి ఉంది. బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది గోధుమ రంగు, తాళం తిప్పితే వచ్చేది తెలుపు, ఫ్యూజు దాటి వచ్చేది ఆకుపచ్చ, ఎర్త్ నలుపు. ఈ నాలుగూ తెలిస్తే సగం చిక్కుముడి విడిపోతుంది. గోధుమ రంగు వైరుకు ఫ్యూజు ఉండదు కాబట్టి దాని తొడుగు చిట్లితే ఏ ఆలోచనా లేకుండా మార్చేయాలి. పని చేసేటప్పుడు బ్యాటరీ కనెక్షన్ తీసేయడం, పక్కన మంటలార్పే సిలిండర్ ఉంచుకోవడం తప్పనిసరి.

పెట్రోలు ట్యాంకు విప్పి కడిగితే గ్లాసుడు తుప్పు పొడి వచ్చింది. ఇంకో జాగ్రత్త: ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. పాతకాలపు రబ్బరు గొట్టాలు, పంపులోని పొర దానికి తట్టుకునేలా చేసినవి కావు. మెత్తబడి కారతాయి. కారేది వేడి ఇంజన్ మీద. ఇథనాల్‌కు తట్టుకునే గొట్టాలు, కొత్త పొర వేయాలి. ఇథనాల్ నీటిని పీలుస్తుంది కాబట్టి నెలల తరబడి ట్యాంకులో పెట్రోలు నిలవ ఉంచకూడదు.

తుప్పు, రంగు, కాగితాలు

చాసిస్ చేతులు కత్తిరించి కొత్త రేకు వెల్డింగు చేయడం, టింకరింగు, రంగు, ఇవి ఇంట్లో చేయలేదు. మన పని ఏదో తెలియడం ఎంత ముఖ్యమో, ఏది కాదో తెలియడమూ అంతే ముఖ్యం. వెల్డింగుకు ముందు ట్యాంకు తీసేయించాను. పుట్టీ పెట్టకముందే వచ్చి చూస్తానని ముందే చెప్పాను. పుట్టీ కింద ఏమి దాచినా రెండు వానాకాలాలకు బయటపడుతుంది.

కాగితాల విషయానికి వస్తే, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న సొంత బళ్లకు కేంద్ర ప్రభుత్వం 2021లో 'వింటేజ్' నిబంధనలు తెచ్చింది. నంబరులో 'వి.ఏ.' అక్షరాలు వస్తాయి. ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత రెన్యువల్ 5,000. గౌరవమే. కానీ ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు, పెట్రోలుకు తప్ప రోజువారీ తిరగడానికి వీల్లేదు. "ప్రదర్శనకు పెట్టడానికా ఇంత కష్టపడింది?" అన్నారు మావయ్యగారు. మామూలు ఫిట్‌నెస్ పరీక్షకే వెళ్లి, హరిత పన్ను కట్టి రెన్యువల్ చేయించాం. ఇన్‌స్పెక్టరుగారు మొదట నొక్కి చూసింది బ్రేకే. మా అమ్మాయి నా వైపు చూసింది.

లెక్కలు

బ్యాంకు మనిషి వ్యాసంలో లెక్కలు లేకపోతే ఎవరూ నమ్మరు. నా అంచనా 1,50,000. అసలు ఖర్చు ఇది:

ఇంజన్, లేత్ పని – 62,000
క్లచ్, గేర్‌బాక్సు – 18,500
బ్రేకులు – 34,000
ట్రనియన్లు, స్ప్రింగులు, టైర్లు – 31,000
వెల్డింగు, టింకరింగు, రంగు – 88,000
వైరింగు, బ్యాటరీ – 14,500
సీట్లు, లోపలి కుట్టు పని – 26,000
కాగితాలు, ఇన్సూరెన్సు – 13,000
పనిముట్లు – 21,000
ఇతరములు – 9,000
మొత్తం – 3,17,000

అంచనాకు రెట్టింపు దాటింది. ఇలాంటి పనికి మీరు వేసుకున్న అంచనాను రెండుతో హెచ్చించండి. ఆ మొత్తం చేతిలో లేకపోతే మొదలుపెట్టకండి. దీనికోసం పర్సనల్ లోన్ తీసుకోవద్దని ఆ లోన్లు ఇచ్చే మనిషిగానే చెబుతున్నాను. ఇది ఆదాయం తెచ్చే ఆస్తి కాదు. "ఇంత పెట్టాం కదా, ఇంకొంచెం పెడదాం" అనే ఆలోచన ప్రతి నెలా వస్తుంది. మేనేజ్‌మెంటు చదువులో దాన్ని సంక్ కాస్ట్ ఉచ్చు అంటారు. పెట్టింది ఎలాగూ తిరిగి రాదు, ఇక పెట్టబోయేదానికి ఫలితం ఉందా అన్నదే ప్రశ్న. మేము మూడు నెలలకోసారి కూర్చుని, ముగ్గురూ ఔనంటేనే ముందుకు వెళ్లాం. నాలుగో ఓటు అత్తయ్యగారిది. ఆవిడ ప్రతిసారీ వద్దనే అన్నారు. ప్రతిసారీ టీ మాత్రం పంపించారు.

చివరి మాట

2025 సంక్రాంతికి ఉయ్యూరు దగ్గర మావయ్యగారి సొంతూరికి వెళ్లాం. ముందు సీట్లకు బెల్టులు వేయించాం. మావయ్యగారు డ్రైవ్ చేయలేదు. కళ్లు సరిగా కనబడడం లేదని ఆయనే మానేశారు. పక్కన కూర్చుని, నేను గేరు మార్చిన ప్రతిసారీ తెలియకుండానే ఎడమ కాలు కదిపారు. మొదటి గేరులోకి బండి పూర్తిగా ఆగాకే వేయాలని, ఆ గేరుకు సింక్రో లేదని నాలుగుసార్లు గుర్తు చేశారు. ఊరి చెరువు గట్టు మీద మా ఆవిడ ఫొటో తీస్తానంటే, చేతిరుమాలుతో అద్దం తుడిచి, చొక్కా సర్దుకుని, తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డారు.

ఆ జూన్‌లో నాకు విశాఖపట్నం బదిలీ వచ్చింది. కారు విజయవాడలోనే ఉంది. నెలకోసారి వెళ్లినప్పుడు తీస్తాం. ఇప్పటికీ గేటు దాటేముందు ఒక నియమం. కారును రెండు గజాలు ముందుకు కదిపి, ఆపి, మళ్లీ కదిపి, మళ్లీ ఆపి, మొత్తం మూడుసార్లు బ్రేకు నొక్కి చూపించాలి. మా అమ్మాయి గేటు దగ్గర నిలబడి చూస్తుంది. పుస్తకంలో తేదీ వేసి సంతకం పెడుతుంది. అప్పుడే గేటు తెరుస్తుంది.